రెండింట్లోనూ అదే కీ కనపడుతోంది కానీ దొరకట్లేదు, రంగులేస్తే లాగ్ పాడైంది... ఏం చెయ్యాలక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది గుంటూరు, ఈ మధ్యే పైథాన్ పనిలో చేరాను. మార్కెట్ యార్డుల రోజువారీ ధరలు ఒక ఏపీఐ (ఇంకో ప్రోగ్రామ్ నుంచి డేటా తెచ్చుకునే దారి) నుంచి తెచ్చి మా డేటాబేస్ లో ఉన్న యార్డుల లిస్టుతో కలపాలి, ఇదీ నాకిచ్చిన పని. ప్రింట్ కొడితే కీ, విలువ జతలుండే డిక్షనరీలో ఇంకో డిక్షనరీ, దాన్లో లిస్టు, అన్నీ కలిసి స్క్రీన్ నిండా ఒకటే ముద్ద. జేసన్ డంప్స్ కి (డేటాని జేసన్ అనే టెక్స్ట్ రూపంలోకి మార్చే ఫంక్షన్) ఇండెంట్ పెట్టి చూస్తే నీట్ గానే వచ్చింది గానీ తెలుగు పేర్లన్నీ బ్యాక్‌స్లాష్ యు అని నంబర్లు పడుతున్నాయి. పైగా రెండు డిక్షనరీల్లోనూ 101 అనే కీ నా కళ్ళకి కనపడుతోంది, తీద్దామంటే ఆ కీ లేదని కీ ఎర్రర్. కళ్ళు లాగుతున్నాయని ఎక్కడో చూసి రంగుల కోడ్లు నేనే పెట్టుకున్నా, అవి కాస్తా ప్రోగ్రామ్ ఏం చేసిందో రాసుకునే లాగ్ ఫైల్లోకి వెళ్ళి ఎక్కడ చూసినా బ్రాకెట్ 32 ఎమ్, బ్రాకెట్ 0 ఎమ్. మా సీనియర్ గారు "ఈ ప్రింట్లు మానేసి డీబగ్గర్ నేర్చుకోవయ్యా" అన్నారు. ఏ లైబ్రరీ వాడమంటావు? అసలు ప్రింట్ చేసి చూడటమే తప్పా?

సమాధానం: తమ్ముడూ, ముందు ఆ కీ ఎర్రర్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే నీ మిగతా కష్టాలన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి. నువ్వు చూసిన ఆ నీట్ అవుట్‌పుట్టే నిన్ను మోసం చేసింది, మొదట నువ్వు విసుక్కున్న ముద్ద మాత్రం నిజమే చెప్పింది.

ఎలాగంటే, జేసన్ రూల్స్ ప్రకారం కీ అనేది స్ట్రింగ్ (కొటేషన్ల మధ్య ఉండే అక్షరాల వరస) గానే ఉండాలి, నంబరు కీగా ఉండటానికి అక్కడ వీల్లేదు. నీ డేటాబేస్ నుంచి వచ్చిన డిక్షనరీలో యార్డు కోడ్ 101 అనేది ఇంటీజర్ (కొటేషన్లు లేని పూర్ణ సంఖ్య) అయ్యుంటుంది, ఏపీఐ నుంచి వచ్చింది జేసన్ కాబట్టి అందులో అదే 101 కొటేషన్ల మధ్య స్ట్రింగ్ గా ఉంటుంది. పైథాన్ కి ఇవి రెండూ వేరు వేరు కీలు. నువ్వు రెండిట్నీ జేసన్ డంప్స్ లో వేసి చూశావు, అదేమో నీ ఇంటీజర్ కీని కూడా చప్పుడు చెయ్యకుండా స్ట్రింగ్ చేసేసి కొటేషన్లు తగిలించి చూపించింది, ఎర్రర్ లేదు వార్నింగ్ లేదు. ఇంక రెండూ ఒకేలా కనపడక ఏం చేస్తాయి! ఇంకా తమాషా చూడాలంటే ఒకే డిక్షనరీలో ఇంటీజర్ 1, స్ట్రింగ్ 1 రెండూ కీలుగా పెట్టి డంప్స్ కొట్టి చూడు, ఒకే పేరుతో రెండు కీలున్న జేసన్ బయటికొస్తుంది, దాన్ని మళ్ళీ లోడ్ చేస్తే అందులో ఒకటి మాయం.

కీలతోనే ఆగదు. టపుల్ (మార్చడానికి వీల్లేని లిస్టు లాంటిది) ఇస్తే లిస్టుగా చూపిస్తుంది, నన్ (ఏమీ లేదు అనే విలువ) ని నల్ అంటుంది, సెట్ ఇస్తే అసలు చెయ్యనంటుంది, డేట్‌టైమ్ ఇచ్చినా అంతే. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి "డీఫాల్ట్ ఈక్వల్ టు స్ట్ర్ పెట్టు బ్రో, పోతుంది" అంటారు, ఎర్రర్ పోతుంది నిజమే, దాంతోపాటే డెసిమల్ లో ఉన్న క్వింటా ధర, డేట్‌టైమ్ లో ఉన్న తేదీ అన్నీ కొటేషన్ల మధ్య స్ట్రింగులై కూర్చుంటాయి, రేపు ధరలు కూడబోతే టైప్ ఎర్రర్ వచ్చినప్పుడు ఏది నిజంగా స్ట్రింగో ఏది నువ్వు చేసిన స్ట్రింగో తెలియదు. జేసన్ ఉన్నది డేటాని ఒక చోట నుంచి ఇంకో చోటికి పంపడానికి. మెమరీలో ఉన్నది ఉన్నట్టు కళ్ళతో చూసుకోవడం దాని డ్యూటీ కాదు. ఎంతమందికి చెప్పినా ఇండెంట్ 2 అని కొట్టేసి చూడ్డం మాత్రం మానరు, చేతికి అలవాటైపోయింది అందరికీ.

చూడ్డానికి కావాల్సింది రెప్ర్, అంటే ఒక విలువని దాని టైపు తెలిసేలా, స్ట్రింగైతే కొటేషన్లతో సహా రాసి చూపించే పైథాన్ ఫంక్షన్. పైథాన్ లో డిక్షనరీనో లిస్టునో మామూలు ప్రింట్ కిచ్చినా లోపలున్న ఒక్కో వస్తువుకీ అది రెప్రే పిలుస్తుంది, అందుకే నీ ముద్దలో ఒకచోట 101 ఊరికే ఉండి ఇంకోచోట కొటేషన్ల మధ్య ఉండుంటుంది, ఆ గందరగోళంలో నీకు కనపడలేదంతే. కాబట్టి మనకి కావాల్సింది ఆ రెప్ర్ నే లైన్లు విడగొట్టి, జరిపి, రంగులేసి చూపించేది.

రంగుల్లేకుండా చాలనుకుంటే పైథాన్ తోనే వచ్చే పీప్రింట్ ఉంది, ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, క్లయింట్ సర్వర్ మీద ఏమీ వెయ్యనివ్వని చోట ఇదే దిక్కు. దీంతో రెండు మూడు విషయాలు తెలియక జనం తిట్టుకుంటారు. మొదటిది, దాని వెడల్పు మామూలుగా 80 అక్షరాలు, అందులో పట్టేస్తే ఒకే లైన్లో ఇచ్చేస్తుంది, "పీప్రింట్ పెట్టినా విడగొట్టలేదు" అనే కంప్లయింట్ లో సగం ఇదే. పట్టకపోతేనే బయటి బ్రాకెట్ విడగొడుతుంది, లోపలివి పడితే వాటిని లైన్లోనే ఉంచుతుంది. పట్టినంతా ఒక లైన్లో, పట్టకపోతే బయట నుంచి విడగొట్టు అనే ఈ ఆలోచన ఇప్పటిది కాదు, డెరెక్ ఓపెన్ అనే ఆయన 1980లోనే దీనికి మంచి అల్గారిథమ్ రాసి పెట్టాడు. రెండోది, డిక్షనరీ కీలని పీప్రింట్ అక్షర క్రమంలో సర్దేస్తుంది, కానీ పైథాన్ 3.7 నుంచి డిక్షనరీ నువ్వు వేసిన వరసనే గుర్తుపెట్టుకుంటుంది కదా, ఆ వరసే నీకు ముఖ్యమైతే 3.8లో వచ్చిన పీపీ అనే చిన్న ఫంక్షన్ వాడు, అది సర్దదు. ఒకోసారి సర్దడమే మంచిది, నిన్నటి రెస్పాన్స్ కీ ఇవాళ్టి రెస్పాన్స్ కీ తేడా చూడాలంటే రెండూ సర్దిన ఫైళ్ళు రాసుకుని డిఫ్ (రెండు ఫైళ్ళ తేడా చూపించే కమాండ్) కొడితే ఇట్టే దొరుకుతుంది. ఇంకోటి, పొడుగు స్ట్రింగ్ వస్తే పీప్రింట్ దాన్ని ఖాళీల దగ్గర ముక్కలు చేసి ఒక్కో ముక్కకీ కొటేషన్లు పెడుతుంది, అది చూసి అన్ని స్ట్రింగులున్నాయేమో అని కంగారుపడకు, ఒకటే.

రంగులు కావాలంటే రిచ్ వేసుకో. పిప్ ఇన్‌స్టాల్ రిచ్, అంతే. నీ ఏ లైబ్రరీ అన్న ప్రశ్నకి నా జవాబు ఇదే. దాన్లో రిచ్ డాట్ ప్రెట్టీ నుంచి పీప్రింట్ తెచ్చుకుని నీ రెండు డిక్షనరీల్నీ దాంట్లో వెయ్యి, స్ట్రింగులు ఆకుపచ్చలో, నంబర్లు లేత నీలంలో ముదురుగా, ట్రూ లేత ఆకుపచ్చగా ఫాల్స్ ఎర్రగా వాలు అక్షరాల్లో, నన్ ఊదా రంగులో పడతాయి. ఒక డిక్షనరీలో 101 నీలంగా ఇంకోదాన్లో 101 ఆకుపచ్చగా కనపడగానే నువ్వు చదవక్కర్లేదు, కంటికే తగులుతుంది. రంగులు అందానికని చాలామంది అనుకుంటారు, మా పాత టీమ్ లో ఒకాయన "ఏంట్రా ఈ సంక్రాంతి ముగ్గులు" అని నవ్వేవాడు. రంగు చెప్పేది టైపు. టైపు తేడా వల్ల వచ్చే తప్పు మామూలు తెల్ల అక్షరాల్లో రెండు చిన్న కొటేషన్ల మధ్య దాక్కుంటుంది, అర్ధరాత్రి పన్నెండింటికి ఆ కొటేషన్ నీకు కనపడదు.

అదే రిచ్ లో జరిపిన చోట సన్నటి నిలువు గీతలు కూడా వస్తాయి, ఏ బ్రాకెట్ కింద ఏముందో వేలు పెట్టి చూసుకోవాల్సిన పన్లేదు. ఒక జాగ్రత్త మాత్రం. రిచ్ లో ప్రింట్ అని ఇంకో ఫంక్షన్ ఉంది, అది స్ట్రింగ్ లో చదరపు బ్రాకెట్ల మధ్య మాట కనపడితే రంగు ఆర్డరనుకుని మింగేస్తుంది, అంటే నీ స్ట్రింగ్ లో బ్రాకెట్ల మధ్య ఏబీసీ అని నిజంగా డేటా ఉన్నా స్క్రీన్ మీద కనపడదు. డేటా చూసేటప్పుడు దాని జోలికెళ్ళకు, ప్రెట్టీ లోదే వాడు.

ఇక తెలుగు పేర్ల సంగతి. బ్యాక్‌స్లాష్ యు 0సి17 అంటే గ అన్నమాట, అది కరప్ట్ అవలేదు, జేసన్ డంప్స్ కి ఎన్ష్యూర్ ఆస్కీ అనేది మామూలుగా ట్రూ ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాలు అంకెలు దాటి ఏదొచ్చినా దాన్ని నంబర్ చేసి రాస్తుంది. ఎన్ష్యూర్ ఆస్కీ ఫాల్స్ పెడితే గుంటూరు గుంటూరులాగే వస్తుంది. కమాండ్ లైన్లో జేసన్ డాట్ టూల్ వాడేవాళ్ళకి 3.9 నుంచి దీనికి నో ఎన్ష్యూర్ ఆస్కీ అని ఒక ఆప్షన్ ఉంది. రెప్ర్ కి ఈ గొడవే లేదు, పైథాన్ 3లో తెలుగు తెలుగులాగే చూపిస్తుంది.

కానీ ఇక్కడే నీకు రేపో మాపో ఎదురయ్యేది ఒకటుంది. కోడ్ 101 గొడవ తీరాక పేర్లతో కలపబోతావు, "మార్కెట్ యార్డు" రెండు చోట్లా అక్షరం అక్షరం ఒకేలా ఉంటుంది, ఈక్వల్ కొడితే ఫాల్స్ వస్తుంది. ఎందుకంటే మన తెలుగు కీబోర్డులు చాలా వాటిల్లో పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం చేరుతుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని, ట్ పక్కన య వచ్చినప్పుడు ట కింద య వత్తు పడకుండా ఆపడానికి పెట్టింది అది. ఆ తర్వాత ఖాళీ ఉంటే దానివల్ల కనపడే తేడా ఏమీ ఉండదు, కానీ స్ట్రింగ్ లో ఒక అక్షరం ఎక్కువే. ఆ స్ట్రింగ్ ఒక్కదాన్నే ప్రింట్ కి ఇస్తే కనపడదు, ఎన్ష్యూర్ ఆస్కీ ఫాల్స్ పెట్టిన జేసన్ లోనూ కనపడదు. రెప్ర్ మాత్రం కనపడని అక్షరాల్ని దాచదు, బ్యాక్‌స్లాష్ యు 200సి అని మొహమ్మీద చూపిస్తుంది, పీప్రింట్, రిచ్ రెండూ రెప్ర్ మీద నడిచేవే కాబట్టి వాటిల్లోనూ దొరుకుతుంది. పేరు చివర ఊరికే మిగిలిపోయిన ఖాళీ కూడా అంతే, కొటేషన్ దూరంగా పడటం చూసి పట్టుకోవచ్చు.

రెప్ర్ కి కూడా దొరకనిది ఒకటుంది, మైదుకూరు లాంటి పేర్లలో ఐత్వం. యూనికోడ్ లో ఆ గుర్తుని ఒకే కోడ్ గా రాయొచ్చు, ఎత్వం ప్లస్ కింది గుర్తు అని రెండు కోడ్లుగానూ రాయొచ్చు, చూడ్డానికి ఒకటే. అప్పుడు ఆస్కీ అనే ఫంక్షన్ లో వేసి చూడు, అది అన్నిట్నీ నంబర్లు చేసి పెడుతుంది, అంటే నువ్వు తిట్టుకున్న ఆ బ్యాక్‌స్లాష్ యులే అక్కడ పనికొస్తాయి. దొరికాక యూనికోడ్‌డేటా మాడ్యూల్లో నార్మలైజ్ ని ఎన్ఎఫ్‌సీ తో పిలిస్తే రెండు రకాలూ ఒకటవుతాయి, కాకపోతే అది 200సి ని తియ్యదు, దాన్ని నువ్వే రీప్లేస్ చేసుకోవాలి. డేటా లోపలికొచ్చే చోటే ఈ రెండూ చేసేస్తే తర్వాత పేర్ల కోసం కొట్టుకోనక్కర్లేదు.

తెలుగుతో ఇంకో చిరాకు, వరసలు కుదరవు. గుంటూరు మనకి మూడక్షరాలు, పైథాన్ కి ఏడు. పీప్రింట్ వెడల్పు లెక్కేసేది ఆ ఏడుతోనే, అందుకని తెలుగున్న లైన్లు అవసరం లేకపోయినా ముందే విరుగుతాయి, వెడల్పు 120 ఇచ్చి వదిలెయ్. టేబుల్ లాగా పక్కపక్కన నిలబెట్టాలని మాత్రం ప్రయత్నించకు, ఏ గుర్తుకి ఎంత చోటివ్వాలో ఒక్కో టెర్మినల్ ఒక్కోలా అనుకుంటుంది, ఫాంటు ఇంకోలా గీస్తుంది, ఎంత లెక్కేసినా గీతలు వంకరే.

ఇప్పుడు ఆ లాగ్ ఫైల్. నువ్వు పెట్టిన కోడ్లు తప్పు కావు, టెర్మినల్ కి రంగు చెప్పే పద్ధతి అదే, ఎస్కేప్ తో మొదలుపెట్టి టెర్మినల్ కి ఆర్డర్లిచ్చే ఈ తీరు 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్ కాలం నుంచి నడుస్తోంది. 27వ నంబరు ఎస్కేప్ అక్షరం, దాని పక్కన బ్రాకెట్, 31 అంటే ఎరుపు, 32 అంటే ఆకుపచ్చ, 0 అంటే మామూలుకి రా, చివర ఎమ్. టెర్మినల్ వీటిని చూసి రంగు మార్చుకుని ఆ అక్షరాల్ని మింగేస్తుంది. ఫైల్ కి అవన్నీ తెలియవు, ఇచ్చింది రాసుకుంటుంది, ఎస్కేప్ కనపడదు కాబట్టి నీకు బ్రాకెట్ 32 ఎమ్ మిగిలింది. దాంతో వెతకడం కూడా చెడుతుంది, "ధర 9000" అని గ్రెప్ కొడితే మధ్యలో రంగు కోడ్ దూరిందనుకో, దొరకదు.

అందుకే రంగు వేసే ముందు అవతల ఉన్నది మనిషా ఫైలా అని అడగాలి, ఇజ్ ఎ టీటీవై అనే ఫంక్షన్ ఉన్నది ఇందుకే. గిట్, ఎల్ఎస్ లాంటివి ఆటో మోడ్ లో చేసేది ఇదే, స్క్రీన్ మీద రంగులుంటాయి, ఇంకో ప్రోగ్రామ్ లోకి పైప్ పెట్టగానే పోతాయి. రిచ్ కూడా తనే చూసుకుంటుంది. దీంతోపాటు నో కలర్ అని ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది, 2017 నుంచి వచ్చిన ఒప్పందం, అందులో ఏదైనా పెట్టి ఉంటే రంగులు వెయ్యకూడదని, రిచ్ దాన్ని పాటిస్తుంది, చాలా టూల్స్ పాటిస్తాయి. నీ చేత్తో రాసిన కోడ్లలో ఇవేవీ ఉండవు, అందుకే వాటిని పీకెయ్యమంటున్నా. ఇంకోటి, 32 అంటే ఏ ఆకుపచ్చ అనేది ఆ టెర్మినల్ థీమ్ ఇష్టం, నీ నల్ల స్క్రీన్ మీద బాగున్న పసుపు తెల్ల స్క్రీన్ వాడే వాళ్ళకి కనపడనే కనపడదు. ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్ళు కూడా ఎక్కువమందే ఉంటారు, మీ టీమ్ లోనే ఉండొచ్చు, కాబట్టి తప్పు ఒప్పు అనేది ఒక్క రంగుతోనే చెప్పకు, పక్కన మాట కూడా ఉండాలి.

ఐతే రిచ్ అవుట్‌పుట్ ని లాగ్ లోకి పంపేద్దాం, రంగులు రావు కదా అనుకోకు. రంగులు రావు గానీ లైన్లు విరుగుతాయి, టెర్మినల్ కానిచోట వెడల్పు 80 అనుకుని మడతపెడుతుంది. అసలు లాగ్ లో ఒక సంఘటనకి ఒక్కటే లైను ఉండాలి. నీట్ గా ఉంటుందని ఇండెంట్ పెట్టి నలభై లైన్లలో రాశావంటే ఎర్రర్ అన్న మాట ఒక లైన్లో ఉంటుంది, ఏ యార్డు అనేది ఇంకెక్కడో ఇరవై లైన్ల కింద ఉంటుంది, రెండు రిక్వెస్టులు ఒకేసారి వస్తే ఒకదాని లైన్ల మధ్యలో ఇంకోదాని లైన్లు కూడా దూరతాయి, ఆదివారం నాడు ఫోన్ చేసి లేపితే అప్పుడు తెలుస్తుంది ఆ నీట్ నెస్ ఖరీదు. జేసన్ ని అక్కడ వాడు, ఇండెంట్ లేకుండా, ఒక్క లైన్లో. చదవాలనిపించినప్పుడు జేక్యూ అని జేసన్ చదివే కమాండ్ ఉంది, లాగ్ చివరి లైన్లని టెయిల్ తో తీసి దాంట్లోకి పైప్ చేస్తే అప్పటికప్పుడు విడగొట్టి రంగులేసి చూపిస్తుంది, తెలుగు కూడా తెలుగుగానే ఇస్తుంది. పేజీలు పేజీలు ఉంటే జేక్యూ కి పెద్ద సి ఆప్షన్ ఇచ్చి, దాన్ని లెస్ (పేజీలుగా చూపించే కమాండ్) లోకి పంపి దానికి పెద్ద ఆర్ ఇవ్వు, రంగులతోనే పైకీ కిందకీ జరుపుకోవచ్చు. అన్నట్టు ఇప్పటికే పాడైన నీ లాగ్ ఫైళ్ళు కూడా లెస్ పెద్ద ఆర్ తో తెరిస్తే ఆ చెత్తంతా రంగులుగా మారిపోయి చక్కగా కనపడుతుంది, పారెయ్యకు.

జేక్యూ తో ఒక్కటి చూసుకో, 1.7 కంటే పాతదైతే మరీ పెద్ద నంబర్లని రౌండ్ చేసేస్తుంది, పదిహేడు పద్దెనిమిది అంకెల రసీదు నంబరు ఉంటే చివరి అంకెలు మారిపోయి కనపడతాయి. బ్రౌజర్ లో జావాస్క్రిప్ట్ తో చదివి చూసినా ఇదే తంతు. నంబర్ తప్పుగా ఉందని ఏపీఐ వాళ్ళతో గొడవకెళ్ళే ముందు ఏ మార్పూ లేని అసలు రెస్పాన్స్ టెక్స్ట్ చూడు.

రంగులొచ్చాయి కదా అని అయిదు వేల రికార్డులూ ఒక్కసారే వేసేస్తావేమో, అటక మీద సామానంతా నడింట్లో కుమ్మరించినట్టే ఉంటుంది. ముందు టైపేంటి, ఎన్నున్నాయి, మొదటి రికార్డులో కీలేంటి, ఈ మూడూ చూడు, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. రిచ్ పీప్రింట్ లో మ్యాక్స్ లెంగ్త్, మ్యాక్స్ డెప్త్, మ్యాక్స్ స్ట్రింగ్ అని ఉన్నాయి, మొదటిది పది పెడితే పది చూపించి ఇంకా ఎన్ని మిగిలాయో చివర్లో రాస్తుంది.

నీ సొంత క్లాసుల ఆబ్జెక్టులు వేస్తే యాంగిల్ బ్రాకెట్లలో క్లాసు పేరు, మెమరీ అడ్రసు తప్ప ఏమీ రాదు కదా, దానికి ఏ ప్రింటరూ మంత్రం వెయ్యలేదు, నువ్వే రెప్ర్ రాయాలి, లేకపోతే డేటాక్లాస్ చేసెయ్, రెప్ర్ అదే వస్తుంది, 3.10 నుంచి పీప్రింట్ కూడా డేటాక్లాసుల్ని విడగొట్టి చూపిస్తుంది. రైతు ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, ఏపీఐ టోకెన్ లాంటి ఫీల్డులకి రెప్ర్ ఫాల్స్ అని తప్పకుండా పెట్టు. ప్రెట్టీ ప్రింట్ కి సిగ్గూ శరం ఉండదు, లోపలున్నదంతా చూపించేస్తుంది, నువ్వు స్క్రీన్ షాట్ తీసి గ్రూపులో పెట్టాక ఎవరి ఖాతా నంబరో అందులో మెరుస్తూ ఉంటుంది. రంగులో ఇంకా బాగా కనపడుతుంది కూడాను.

జాంగో (పైథాన్ తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) వాడుతున్నట్టైతే ఇంకోటి. డేటాబేస్ ని అడగాల్సిన ప్రశ్నని పట్టుకుని ఉండే క్వెరీసెట్ ని ప్రింట్ చెయ్యడమంటేనే డేటాబేస్ ని అడగడం, చూపించేది మొదటి 20 మాత్రమే గానీ క్వెరీ నడుస్తుంది, లూప్ లో పెట్టావంటే ప్రతి రౌండుకీ ఒకటి. ప్రోగ్రామ్ ఎందుకు నెమ్మదించిందా అని చూడ్డానికి పెట్టిన ప్రింటే దాన్ని ఇంకా నెమ్మది చేస్తుంది.

మీ ఫ్రంట్ ఎండ్ వాళ్ళు కూడా ఇదే బాధ పడుతుంటే చెప్పు, నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) లో కన్సోల్ లాగ్ రెండు మెట్ల లోతు దాటితే ఆబ్జెక్ట్ అని రాసి ఊరుకుంటుంది, కన్సోల్ డర్ కి డెప్త్ నల్ ఇస్తే అంతా చూపిస్తుంది. అక్కడ కూడా జేసన్ స్ట్రింగిఫై తో చూస్తే అన్‌డిఫైన్డ్ ఉన్న ఫీల్డులు గల్లంతు, మ్యాప్ ఇస్తే ఖాళీ బ్రాకెట్లు. రూబీ వాళ్ళు ఈ విషయంలో ఎప్పుడో ముందున్నారు, ఆసమ్ ప్రింట్ అని ఒక జెమ్ (రూబీ లైబ్రరీ), రంగులతో పాటు లిస్టులో ఎన్నో వస్తువో కూడా పక్కన రాస్తుంది, వాడాలంటే ఏపీ అని కొడితే చాలు, మన రాష్ట్రం పేరే. ఇప్పుడు దాని బదులు అమేజింగ్ ప్రింట్ అని దాన్నుంచే పుట్టింది వాడుతున్నారు.

చివరికి మీ సీనియర్ గారి మాట. ప్రింట్ తప్పేం కాదు, ఆయన చిరాకు పడింది నువ్వు కమిట్ లో వదిలేసిన ప్రింట్ల మీద అయ్యుంటుంది. డీబగ్గర్ నేర్చుకోమనడం మాత్రం మంచి మాటే, పైగా దానికీ ప్రెట్టీ ప్రింట్ కీ పోటీ లేదు. కోడ్ లో ఆపాలనుకున్న చోట బ్రేక్‌పాయింట్ అని రాసి బ్రాకెట్లు పెట్టు, 3.7 నుంచి ఉంది, అక్కడ ఆగాక పీపీ అని కొట్టి పక్కన వేరియబుల్ పేరు రాస్తే విడగొట్టి చూపిస్తుంది, అక్కడే రిచ్ ని ఇంపోర్ట్ చేసి పిలిచినా ఎవరూ వద్దనరు. ఒక చోట ఆగి లోపలంతా కెలకాలంటే డీబగ్గర్, పది వేల రౌండ్లలో ఎక్కడ తేడా వచ్చిందో వరసగా చూడాలంటే ప్రింట్. ప్రింట్ లో ఏ విలువ ఏ వేరియబుల్ దో మర్చిపోతుంటే ఎఫ్ స్ట్రింగ్ లో పేరు తర్వాత ఈక్వల్ గుర్తు పెట్టు, 3.8 నుంచి పేరూ విలువా రెండూ రాస్తుంది, లేదా ఐస్‌క్రీమ్ అనే లైబ్రరీలో ఐసీ వాడు, అదీ రంగుల్లోనే ఇస్తుంది, స్టాండర్డ్ ఎర్రర్ లోకి పంపుతుంది కాబట్టి నీ ప్రోగ్రామ్ అసలు అవుట్‌పుట్ లో కలవదు. పైథాన్ 3.14 వేసుకుంటే మామూలు ప్రాంప్ట్ లో టైప్ చేసే కోడ్ కీ, జేసన్ కమాండ్ కీ కూడా రంగులు వాటంతటవే వచ్చేశాయి.

ఇవాళ్టికి రిచ్ తో ఆ రెండు డిక్షనరీలూ పక్కపక్కన వేసి 101 రంగు చూసుకుని, ఏపీఐ వైపు నుంచి వచ్చే కోడ్ ని చదివిన చోటే ఇంట్ లో వేసెయ్. వెయ్యబోయే ముందు 007 లాంటి కోడ్లేమన్నా ఉన్నాయేమో చూసుకో, ఉంటే ఇంట్ చేస్తే ముందు సున్నాలు పోతాయి, అప్పుడు డేటాబేస్ వైపు దాన్నే ముందు సున్నాలతో సహా స్ట్రింగ్ చెయ్యాలి.